వైస్ ఛాన్సలర్ అవ్వాలంటే ఇప్పట్నుంచే ఏం చెయ్యాలి? 33 ఏళ్ళ లెక్చరర్ ప్రశ్నకి నా అనుభవం నుంచి సమాధానం

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: వయసు 33, గవర్నమెంట్ డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తున్నారు, ఆరేళ్ళ సర్వీసు, పీహెచ్‌డీ అయిపోయింది. ఎప్పటికైనా ఒక యూనివర్సిటీకి వీసీ అవ్వాలని ఉంది. ఇంట్లో చెప్తే నవ్వుతున్నారు, కాలేజీలో వాళ్ళేమో అదంతా పలుకుబడి ఉన్నోళ్ళకి, డబ్బున్నోళ్ళకి, మనకెందుకు అంటున్నారు. నిజంగా దారి ఉందా, ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

ముందు నా గురించి రెండు ముక్కలు చెప్తా. నేను ఒక స్టేట్ యూనివర్సిటీలో బోటనీ డిపార్ట్‌మెంట్‌లో ముప్పై ఏళ్ళకి పైగా పనిచేశా. హాస్టల్ వార్డెన్, బోర్డ్ ఆఫ్ స్టడీస్ చైర్‌పర్సన్, ఎగ్జామినేషన్స్ బ్రాంచ్, రిజిస్ట్రార్, చివర్లో ఇంకో యూనివర్సిటీకి మూడేళ్ళు వీసీ. రిటైర్ అయ్యాక ఒకసారి వీసీ పదవికి పేర్లు ఎంచే సెర్చ్ కమిటీలో కూడా కూర్చున్నా, అంటే బల్లకి రెండు వైపులా కూర్చున్న అనుభవం ఉంది. అందుకే మీ ప్రశ్న చూసి ఊరుకోలేకపోయా.

సూటిగా చెప్పాలంటే: దారి ఉంది. కానీ మీరున్న డిగ్రీ కాలేజీ నుంచి నేరుగా లేదు. వచ్చే నాలుగైదేళ్ళలో మీరు యూనివర్సిటీలోకి మారాలి, అక్కడ ప్రొఫెసర్ అవ్వాలి, ప్రొఫెసర్‌గా పదేళ్ళు నిండాలి, ఆ పదేళ్ళలో ఎవరూ ముట్టుకోని పరిపాలన పనులు మీ పేరు మీద మచ్చ పడకుండా చేసి చూపించాలి. అన్నీ కుదిరితే యాభై దాటాక మీ పేరు ఒక లిస్టులోకి వస్తుంది. ఆ లిస్టులోంచి మీ పేరే టిక్ అవుతుందా అన్నది మాత్రం మీ చేతిలో లేదు, ఆ సంగతి దాచను.

ఇప్పుడు వివరంగా.

మన దగ్గర వీసీకి అర్హత ఏంటో చాలామంది లెక్చరర్లకే సరిగ్గా తెలీదు. యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ యూజీసీ 2018 రెగ్యులేషన్స్ ప్రకారం యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా కనీసం 10 ఏళ్ళు, లేదా పేరున్న పరిశోధన సంస్థలోనో అకడమిక్ పరిపాలన సంస్థలోనో 10 ఏళ్ళు, దాంతోపాటు అకడమిక్ లీడర్‌షిప్ చూపించినట్టు రుజువు. ఇందులో అసలు మెలిక "యూనివర్సిటీలో" అన్న మాట. డిగ్రీ కాలేజీలో ఇరవై ఐదేళ్ళు చేసి ప్రిన్సిపాల్‌గా రిటైర్ అయినా ఆ గడప దాటలేరు. చాలా సమర్థులైన ప్రిన్సిపాల్స్‌ని చూశా, రెండు వేలమంది పిల్లలున్న కాలేజీని ఒంటిచేత్తో నడిపినవాళ్ళు, అప్లికేషన్ పెడితే మొదటి వడపోతలోనే పక్కకి వెళ్ళిపోయారు. అది చూస్తే బాధేస్తుంది, కానీ రూల్ అదే.

ఇక లెక్క వేసుకోండి. ప్రమోషన్ల మీదే వెళ్తే, అంటే క్యాస్ (కెరీర్ అడ్వాన్స్‌మెంట్) స్కీములో, పీహెచ్‌డీ ఉన్న అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి జీతం లెవెల్ 10 నుంచి 11కి 4 ఏళ్ళు, 11 నుంచి 12కి 5 ఏళ్ళు, 12 నుంచి 13ఏకి అంటే అసోసియేట్‌కి 3 ఏళ్ళు, అక్కణ్ణుంచి ప్రొఫెసర్‌కి ఇంకో 3 ఏళ్ళు. మొత్తం 15. అదీ ఇంటర్వ్యూలు టైముకి పెడితే, మన రాష్ట్రాల్లో టైముకి పెట్టరు, నా ప్రమోషన్ ఒకటి మూడేళ్ళు ఆలస్యంగా జరిగింది. దాని మీద ప్రొఫెసర్‌గా పదేళ్ళు. అంటే 27కి చేరినవాళ్ళకి 52 దగ్గర అర్హత మొదలవుతుంది, మధ్యలో ఆలస్యాలు కలుపుకుంటే 55.

అయితే డైరెక్ట్ రిక్రూట్‌మెంట్ అని ఇంకో తలుపు ఉంది, మీకు పనికొచ్చేది అదే. అసోసియేట్ ప్రొఫెసర్ పోస్టుకి పీహెచ్‌డీ, అసిస్టెంట్ ప్రొఫెసర్ స్థాయిలో 8 ఏళ్ళ అనుభవం, 7 పబ్లికేషన్లు, పరిశోధనకి పాయింట్లు వేసే రీసెర్చ్ స్కోర్ 75 అడుగుతారు. ప్రొఫెసర్‌కి అయితే 10 ఏళ్ళ అనుభవం, 10 పబ్లికేషన్లు, స్కోర్ 120, ఒక్క స్కాలర్‌కైనా పీహెచ్‌డీ గైడ్ చేసి పూర్తి చేయించినట్టు ఆధారం. ఈ 10 ఏళ్ళ అనుభవానికి కాలేజీ సర్వీసు కూడా లెక్కలోకి వస్తుంది. మీకు ఇంకో రెండేళ్ళలో ఎనిమిదేళ్ళ సర్వీసు నిండుతుంది, అంటే 35కే అసోసియేట్ పోస్టుకి అప్లై చేసుకోవచ్చు. కాబట్టి ఈ రెండేళ్ళూ పేపర్ల మీద కూర్చోండి, డబ్బులు కడితే వేసే జర్నల్స్ జోలికి మాత్రం వెళ్ళకండి, అవి ఇంటర్వ్యూలో బయటపడితే మిగతా మంచి పేపర్ల విలువ కూడా పోతుంది. మీ కాలేజీ నుంచి గైడ్‌షిప్, అంటే పీహెచ్‌డీ స్కాలర్లకి గైడ్‌గా ఉండే అనుమతి, వచ్చే వీలుంటే ఈ ఏడాదే అప్లై చెయ్యండి, డిగ్రీ కాలేజీ నుంచి వెళ్ళేవాళ్ళు ఎక్కువగా ఆగిపోయేది ఈ గైడింగ్ దగ్గరే.

మన రాష్ట్ర యూనివర్సిటీల్లో రెగ్యులర్ టీచింగ్ పోస్టుల భర్తీ ఏళ్ళ తరబడి సరిగ్గా జరగలేదు, అందుకని ఆంధ్రా, తెలంగాణ నోటిఫికేషన్లనే నమ్ముకుని కూర్చోవద్దు. సెంట్రల్ యూనివర్సిటీల నోటిఫికేషన్లు, పక్క రాష్ట్రాలవీ చూస్తూ ఉండండి. బయటకి వెళ్తే మళ్ళీ మన ఊరికి రాలేమని భయపడక్కర్లేదు. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్‌లో కొత్త వీసీల్ని వేసినప్పుడు ఆంధ్ర యూనివర్సిటీకి వచ్చిన జి.పి. రాజశేఖర్ గారు ఐఐటీ ఖరగ్‌పూర్‌లో మ్యాథ్స్ ప్రొఫెసర్, జేఎన్‌టీయూ కాకినాడకి వచ్చిన సీఎస్‌ఆర్‌కే ప్రసాద్ గారు వరంగల్ నిట్ నుంచి. అదే సమయంలో ఆదికవి నన్నయ యూనివర్సిటీకి వెళ్ళిన ప్రసన్నశ్రీ గారు ఆంధ్ర యూనివర్సిటీలోనే ఇంగ్లిష్ ప్రొఫెసర్, గిరిజన భాషలకి లిపులు తయారుచేసిన మనిషి. అంతకుముందు 2024 అక్టోబర్‌లో ఉస్మానియాకి వేసిన కుమార్ గారు అదే యూనివర్సిటీలో సివిల్ ఇంజినీరింగ్ ప్రొఫెసర్. లోపలివాళ్ళూ అవుతున్నారు, బయటివాళ్ళూ అవుతున్నారు. నాకు అనిపించేది ఏంటంటే, లోపల రిక్రూట్‌మెంట్ లేక ప్రొఫెసర్లు తగ్గిపోతున్నకొద్దీ బయటినుంచి తెచ్చుకోవడం ఇంకా పెరుగుతుంది, మీ తరానికి అది అవకాశమే.

ఎంపిక ఎలా జరుగుతుంది

అప్లికేషన్లు పిలుస్తారు. ముగ్గురు సభ్యుల సెర్చ్ కమిటీ ఉంటుంది, మన రాష్ట్రాల చట్టం ప్రకారం పాలక మండలి తరఫున ఒకరు, యూజీసీ తరఫున ఒకరు, ప్రభుత్వం తరఫున ఒకరు. వాళ్ళు పేర్ల ప్యానెల్ ఇస్తారు, అందులోంచి ఒకరిని నియమిస్తారు. ఛాన్సలర్ అంటే గవర్నర్, అపాయింట్‌మెంట్ ఆర్డర్ ఆయన పేరు మీద వస్తుంది. మన దగ్గర పదవీకాలం 3 ఏళ్ళు. సెంట్రల్ యూనివర్సిటీల్లో అయితే 5 ఏళ్ళు, విజిటర్ హోదాలో రాష్ట్రపతి నియమిస్తారు, అప్లై చేసేనాటికి వయసు 65 దాటకుండా ఉంటే మంచిదని నోటిఫికేషన్‌లోనే రాస్తారు.

పలుకుబడి గురించి అడిగారు కదా. ప్యానెల్‌లోకి రావడం వరకు చదువు, సర్వీసు, పేరు పనిచేస్తాయి. ప్యానెల్‌లోంచి ఒకరిని ఎంచుకునేటప్పుడు ప్రభుత్వం చూసేవి వేరే ఉంటాయి: ఏ ప్రాంతం, ఏ సామాజిక వర్గం, ఇదివరకు ఎవరెవరికి ఇచ్చాం, ఈ మనిషి మన మాట వింటాడా. ఇది లేదని చెప్తే అబద్ధం చెప్పినట్టే. కానీ మీ కొలీగ్స్ అన్నట్టు అది ఒక్కటే ఉందనడం కూడా తప్పు. నాకు ఏ మంత్రితోనూ పరిచయం లేదు, మా ఇంట్లో పార్టీలో ఉన్నవాళ్ళెవరూ లేరు, ఒక్క రూపాయి ఎవరికీ ఇవ్వలేదు. రెండుసార్లు ప్యానెల్ దాకా వచ్చి ఆగిపోయా, మూడోసారి అయ్యింది. ఆ రెండుసార్లూ మధ్యవర్తులమని చెప్పుకుంటూ ఫోన్లు చేసినవాళ్ళు ఉన్నారు, మీకూ చేస్తారు. అలాంటి ఫోన్ ఎత్తి ఒక్కసారి మాట్లాడినా ఆ మూడేళ్ళూ మీరు వాళ్ళ మనిషే. ఆ కుర్చీలో కూర్చుని పోస్టింగులకి, కాంట్రాక్టులకి సంతకాలు పెట్టే రోజు వాళ్ళు మళ్ళీ వస్తారు, అప్పుడు కాదనే నోరు మీకుండదు.

కోర్టులు కూడా ఈమధ్య చాలా గట్టిగా ఉన్నాయి, అది మీలాంటివాళ్ళకి మేలే. 2022లో గుజరాత్ సర్దార్ పటేల్ యూనివర్సిటీ వీసీ నియామకాన్ని యూజీసీ రూల్స్‌కి విరుద్ధమని సుప్రీంకోర్టు కొట్టేసింది. అదే ఏడాది అక్టోబర్‌లో కేరళ టెక్నికల్ యూనివర్సిటీ వీసీ నియామకం పోయింది, కారణం కమిటీ ప్యానెల్ ఇవ్వకుండా ఒక్క పేరే పంపింది. 2023 నవంబర్‌లో కన్నూర్ యూనివర్సిటీ వీసీని మళ్ళీ నియమించడం చెల్లదన్నారు, ఛాన్సలర్ సొంతంగా నిర్ణయించాల్సిన చోట రాష్ట్ర ప్రభుత్వం జోక్యం చేసుకుందని. ఇంకా వెనక్కి వెళ్తే మన ఉస్మానియా కేసే ఉంది. 1966లో ప్రభుత్వం చట్టం సవరించి, పదవిలో ఉన్న వీసీ డి.ఎస్. రెడ్డి గారు దిగిపోయేలా ఒక సెక్షన్ పెట్టింది, ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్ళి గెలిచారు, ఒక్క మనిషిని గురిపెట్టి చేసిన ఆ సెక్షన్ సమానత్వ హక్కుకి విరుద్ధమని కొట్టేశారు. వీసీ అవ్వాలనుకునే ప్రతి ఒక్కరూ ఆ తీర్పు ఒకసారి చదవాలి.

ఇంకో మాట. 2025 జనవరిలో యూజీసీ ఒక డ్రాఫ్ట్ పెట్టింది, అందులో పరిశ్రమల్లో, ప్రభుత్వ పాలనలో పెద్ద స్థాయిలో పదేళ్ళు చేసినవాళ్ళు కూడా వీసీకి అర్హులే అన్నారు. చాలా రాష్ట్రాలు అభ్యంతరం చెప్పాయి. మీరు అప్లై చేసేది ఇంకో ఇరవై ఏళ్ళకి కాబట్టి అప్పటి రూల్ ఏదుంటే అదే, కానీ పోటీ ప్రొఫెసర్ల మధ్యే ఉంటుందని మాత్రం అనుకోకండి.

ఏ పనులు చేతికి తీసుకోవాలి

అందరూ నన్ను తక్కువగా అడిగేది, నేను ఎక్కువగా చెప్పాలనుకునేది ఇదే.

యూనివర్సిటీలో అదనపు బాధ్యతలు రెండు రకాలు. ఫొటోల్లో కనిపించేవి కొన్ని, సెమినార్ కన్వీనర్, కల్చరల్ కోఆర్డినేటర్ లాంటివి. ఎవరూ తీసుకోనివి కొన్ని, హాస్టల్ వార్డెన్, ఎగ్జామినేషన్స్ బ్రాంచ్, యూనివర్సిటీకి గ్రేడ్ ఇచ్చే న్యాక్ పని. రెండో రకం తీసుకోండి. ఎందుకంటే యూనివర్సిటీ అంటే నిజంగా ఏంటో అక్కడే తెలుస్తుంది. నేను లేడీస్ హాస్టల్ వార్డెన్‌గా ఉన్న రెండేళ్ళలో నేర్చుకున్నది ఆ తర్వాత ఏ ట్రైనింగ్‌లోనూ నేర్చుకోలేదు. మెస్ డివైడింగ్ సిస్టం అంటే నెల ఖర్చు మొత్తం తీసి పిల్లల తలలకి పంచుతారు, స్కాలర్‌షిప్ డబ్బు ప్రభుత్వం నుంచి ఆలస్యమైతే కిరాణా కొట్టు బాకీ పెరుగుతుంది, కొట్టు ఆయన బియ్యం ఆపేస్తాడు, రాత్రి ఎనిమిదికి పిల్లలు పళ్ళేలు పట్టుకుని రోడ్డు మీద కూర్చుంటారు. ఆ రాత్రి ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఏం మాట ఇవ్వాలి, ఏ మాట ఇవ్వకూడదు అన్నది తెలిసినవాళ్ళే తర్వాత వీసీగా నిలబడతారు.

రిజిస్ట్రార్ పోస్టు వస్తే మాత్రం భయపడి వదులుకోకండి. ప్రతి ఫైలూ అక్కణ్ణుంచే పోతుంది. పాలక మండలి ఎజెండా తయారుచెయ్యడం, కోర్టు కేసులకి కౌంటర్లు, పెన్షన్లు, ఎన్‌ఎంఆర్‌లు (రోజుకూలీ లెక్కన పనిచేసేవాళ్ళు), టైమ్‌స్కేల్ ఉద్యోగులు, అకడమిక్ కన్సల్టెంట్ల (కాంట్రాక్టు మీద పాఠాలు చెప్పేవాళ్ళ) రెన్యువల్, అన్నీ చూస్తారు. శత్రువులు కూడా అక్కడే తయారవుతారు, అది తప్పదు.

ఇక జాగ్రత్త విషయం: కాగితాలు. నా సొంత అనుభవం చెప్తా. అసోసియేట్‌గా ఉన్నప్పుడు ఒక నేషనల్ సెమినార్ పెట్టా, టెంపరరీ అడ్వాన్స్ కింద నలభై వేలు తీసుకున్నా. సెమినార్ అయిపోయింది, బిల్లులన్నీ సెక్షన్‌లో ఇచ్చా, అక్కడితో మర్చిపోయా. పన్నెండేళ్ళ తర్వాత మొదటిసారి నా పేరు ప్యానెల్ కోసం పరిశీలనలోకి వచ్చినప్పుడు నో డ్యూస్, విజిలెన్స్ క్లియరెన్స్ అడిగారు. ఆడిట్ అభ్యంతరాల లిస్టులో నా పేరు ఎదురుగా "అడ్వాన్స్ రూ. 40,000 సర్దుబాటు కాలేదు" అని ఉంది. ఆ సెక్షన్‌లో అప్పటి సూపరింటెండెంట్ గారు రిటైరయ్యారు, ఫైల్ దొరకలేదు, గడువేమో నాలుగు రోజులే. నాకు చెమటలు పట్టేశాయి. ఇంటికొచ్చి బీరువా పైనున్న పాత ట్రంకుపెట్టె దించితే, పిల్లల మార్కుల కార్డుల కింద ఒక పసుపు రంగు కవరులో ఆ బిల్లుల జిరాక్సులు, సెక్షన్ స్టాంపు పడిన అక్నాలెడ్జ్‌మెంట్ దొరికాయి. భోజనాల కాంట్రాక్టర్ చేతిరాత రసీదుతో సహా. స్టాంపు మీద తేదీ చెరిగిపోయి సగమే కనిపిస్తోంది, దాన్ని లైటు కింద పెట్టి చూపించి అభ్యంతరం కొట్టేయించుకున్నా. ఆ కాగితం లేకపోతే నలభై వేలు కట్టడం పెద్ద విషయం కాదు, కానీ "ఈవిడ మీద ఆడిట్ పేరా ఉంది" అన్న మాట జీవితాంతం వెంట వచ్చేది.

కాబట్టి ఇప్పట్నుంచే ఒక పెట్టె పెట్టుకోండి. ప్రతి అడ్వాన్స్, ప్రతి యుటిలైజేషన్ సర్టిఫికెట్, ప్రతి చార్జ్ అప్పగించిన కాగితం స్టాంపుతో సహా రెండు కాపీలు. మీ సర్వీస్ రిజిస్టర్‌లో పుట్టినతేదీ, చేరిన తేదీ, పీహెచ్‌డీ వచ్చిన తేదీ సరిగ్గా పడ్డాయో లేదో సంవత్సరానికోసారి చూస్కోండి. సెర్చ్ కమిటీలో కూర్చున్నప్పుడు చూశా, చాలా మంచి సైంటిస్ట్ ఒకాయన, ప్రొఫెసర్ అయిన తేదీ మీద స్పష్టత లేక పదేళ్ళకి నాలుగు నెలలు తక్కువ పడ్డట్టు కనిపించింది. క్యాస్ ప్రమోషన్ ఆర్డర్ వచ్చిన తేదీ వేరు, అర్హత లెక్కేసే తేదీ వేరు, ఆయన జత చేసింది ఆర్డర్ ఒక్కటే. ఆయన పేరు పక్కన పెట్టేశాం. నాకు ఇప్పటికీ మనసులో ఉంది.

కమిటీ ముందు ఏం అడుగుతారు

అన్ని చోట్లా ఇంటర్వ్యూ ఉండదు, చాలాసార్లు బయోడేటాల మీదే నిర్ణయిస్తారు. మేం కూర్చున్న రోజు టేబుల్ మీద వందకి పైగా బయోడేటాలు, ఒక్కొక్కటీ లావుపాటి స్పైరల్ బైండింగ్. నిజం చెప్తున్నా, ఎవరూ యాభై పేజీలు చదవలేరు. మొదటి రెండు పేజీల్లో ఏ పోస్టుల్లో ఎన్నేళ్ళు, అక్కడ ఏం మార్చారు అన్నది కనపడాలి. అవార్డులు నలభై ఉన్నాయని రాస్తే అనుమానమే ఎక్కువ వస్తుంది.

నాకు ఇంటరాక్షన్ జరిగింది, ఇరవై నిమిషాలు. వెయిటింగ్ హాల్లో మిగతావాళ్ళు విజన్ డాక్యుమెంట్లు తిరగేస్తున్నారు, గ్లోబల్ ర్యాంకింగులు, స్మార్ట్ క్లాస్‌రూములు. నన్ను మొదటి ప్రశ్నే ఇలా అడిగారు: "మీ యూనివర్సిటీలో నెలకి పెన్షన్ల బిల్లు ఎంత, బ్లాక్ గ్రాంట్ ఎంత వస్తుంది, తేడా ఎక్కణ్ణుంచి తెస్తున్నారు?" బ్లాక్ గ్రాంట్ అంటే ప్రభుత్వం యూనివర్సిటీకి మొత్తంగా ఇచ్చే డబ్బు. రిజిస్ట్రార్‌గా ప్రతి నెలా ఇరవై ఐదో తేదీ నుంచి నిద్రలేకుండా ఆ లెక్కే చూసేదాన్ని కాబట్టి అంకెలు నోట్లోంచి వచ్చేశాయి. దూరవిద్య ఫీజులు, అఫిలియేషన్ ఫీజులు, పరీక్ష ఫీజులు ఎలా సర్దుతున్నామో చెప్పా, అది ఎందుకు తప్పుడు పద్ధతో కూడా చెప్పా, పిల్లల పరీక్ష ఫీజుతో పెన్షన్ ఇవ్వడం ఎన్నాళ్ళు నడుస్తుంది అని. తర్వాత ప్రశ్నలన్నీ దాని మీదే నడిచాయి. విజన్ డాక్యుమెంట్ ఎవరూ తెరవలేదు.

కుర్చీలో కూర్చున్నాక

జీతం గురించి కూడా చాలామంది అడుగుతారు. ఏడో పే కమిషన్ ప్రకారం నెలకి 2,10,000, ప్రత్యేక అలవెన్స్ 11,250, బంగ్లా, కారు. సీనియర్ ప్రొఫెసర్‌గా ఉన్నవాళ్ళకి జీతంలో పెద్ద తేడా రాదు. డబ్బు కోసం అయితే ఈ దారి వద్దు.

రోజు ఎలా ఉంటుందంటే, పొద్దున ఏడింటికి వాకింగ్‌లోనే ఎవరో ఒకరు అర్జీతో ఎదురొస్తారు. పదింటికి ఫైళ్ళు. మధ్యాహ్నం స్టూడెంట్ యూనియన్, ఆ తర్వాత అకడమిక్ కన్సల్టెంట్లు, పదిహేనేళ్ళుగా అదే జీతానికి పాఠాలు చెప్తున్నవాళ్ళు, వాళ్ళ కళ్ళలోకి చూసి "రెగ్యులర్ చెయ్యడం నా చేతిలో లేదు" అని చెప్పాలి. మూడేళ్ళలో నన్ను అన్నింటికంటే ఎక్కువ కోసిన పని అదే. పోస్టులు మంజూరు చేసేది ప్రభుత్వం, తిట్లు తినేది వీసీ. రిక్రూట్‌మెంట్ మొదలుపెడదామనుకుంటే రోస్టర్ (ఏ పోస్టు ఏ రిజర్వేషన్ కిందకి వస్తుందన్న వరస) మీద కేసు, కేసు తేలేలోగా పదవీకాలం అయిపోతుంది. మూడేళ్ళు చాలా తక్కువ సమయం. మొదటి ఏడాది అర్థం చేస్కోడానికి, చివరి ఆరు నెలలు ఎవరూ మాట వినరు, మధ్యలో ఏడాదిన్నర మిగుల్తుంది. అది తెలిసి రెండే పనులు పెట్టుకున్నా: ఫలితాలు 45 రోజుల్లో రావాలి, హాస్టళ్ళలో నీళ్ళు రావాలి. రెండూ చేశా. రీసెర్చ్ పార్క్ లాంటివి మొదలుపెట్టలేదని కొందరు ఇప్పటికీ అంటారు, అననివ్వండి.

గడువు అయిపోయాక కొత్తవాళ్ళని వెంటనే వెయ్యరు, అది ఇంకో బాధ. 2024 మేలో తెలంగాణలో ఒకేసారి వీసీల పదవీకాలం ముగిస్తే ఐఏఎస్ అధికారుల్ని ఇన్‌ఛార్జ్‌లుగా పెట్టారు, రెగ్యులర్ వీసీలు వచ్చేసరికి అక్టోబర్ అయ్యింది. ఇన్‌ఛార్జ్‌లు ఎంత మంచివాళ్ళైనా వాళ్ళకి సొంత శాఖ పని ఉంటుంది, యూనివర్సిటీ ఫైళ్ళు ఆగిపోతాయి, స్కాలర్ల వైవాలు కూడా ఆలస్యమవుతాయి.

వేరే దారులు

ప్రైవేటు, డీమ్డ్ యూనివర్సిటీల్లో కూడా వీసీలు కావాలి, అక్కడ అర్హత దాదాపు ఇదే, కానీ మేనేజ్‌మెంట్ మాటే చివరి మాట. అడ్మిషన్ల టార్గెట్ మీ మీద పెడతారా అన్నది చేరేముందే రాతపూర్వకంగా అడగండి. నా స్నేహితురాలు ఒకావిడ అది అడక్కుండా చేరి ఎనిమిది నెలల్లో బయటికొచ్చేసింది.

అమెరికాలో దీన్నే ప్రెసిడెంట్ అంటారు, అక్కడ దారి వేరు. డిపార్ట్‌మెంట్ చైర్, డీన్, ప్రోవోస్ట్ (ప్రెసిడెంట్ కింద చదువుల వ్యవహారాలు మొత్తం చూసేవాళ్ళు), ఆ తర్వాత ప్రెసిడెంట్, నియమించేది బోర్డ్ ఆఫ్ ట్రస్టీస్, అభ్యర్థుల్ని వెతికేది సెర్చ్ సంస్థలు. మన విశాఖలో పుట్టి, ఆంధ్ర యూనివర్సిటీలో బీఏ, ఎంబీఏ చదివిన నీలి బెండపూడి గారు అలాగే వెళ్ళారు. కాన్సాస్‌లో పీహెచ్‌డీ, మధ్యలో ఒక బ్యాంకులో పెద్ద ఉద్యోగం, 2011లో కాన్సాస్ బిజినెస్ స్కూల్ డీన్, 2016లో ప్రోవోస్ట్, 2018లో లూయీవిల్ యూనివర్సిటీ ప్రెసిడెంట్, 2022లో పెన్ స్టేట్ ప్రెసిడెంట్, ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మహిళ. అక్కడ మెట్లు ముందే కనపడతాయి, డీన్‌గా బడ్జెట్ నడిపినవాళ్ళకే పై మెట్టు. మన దగ్గర ఆ మెట్లు రాసిపెట్టి లేవు, అందుకే ప్రొఫెసర్‌గా ల్యాబ్ దాటి బయట చూడనివాళ్ళు ఒక్కసారిగా వేల కుటుంబాల జీతాలు చూసే కుర్చీలోకి వచ్చేస్తున్నారు. మీరు ఆ మెట్లు సొంతంగా కట్టుకోవాలి.

మన దగ్గర ఆదర్శంగా ఎవర్ని చూడాలి అంటే నేను జి. రామిరెడ్డి గారి పేరు చెప్తా. 1977 నుంచి 82 వరకు ఉస్మానియా వీసీ, 1982లో ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీ మొదలైతే దానికి తొలి వీసీ, 1985లో ఇగ్నోకి తొలి వీసీ, 1991లో యూజీసీ చైర్మన్. డిగ్రీ చదవలేక ఆగిపోయిన లక్షలమందికి ఇంట్లో కూర్చుని చదివే దారి వేసిన మనిషి. ఆయన సబ్జెక్ట్ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్, చదివిందీ చేసిందీ ఒకటే అయ్యింది. మీరు ఎకనామిక్స్ కదా, యూనివర్సిటీల ఆర్థిక పరిస్థితి మీదే ఎందుకు పరిశోధన చెయ్యకూడదు? బ్లాక్ గ్రాంట్లు, పెన్షన్ భారం, ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు, వీటి మీద గట్టి పేపర్లు రాస్తే స్కోర్‌కి స్కోరూ వస్తుంది, ఇరవై ఏళ్ళ తర్వాత ఎవరైనా పెన్షన్ బిల్లు ఎంత అని అడిగితే జవాబూ ఉంటుంది.

కట్టమంచి రామలింగారెడ్డి గారిని కూడా గుర్తుపెట్టుకోండి. 1926లో ఆంధ్ర యూనివర్సిటీకి తొలి వీసీ, బ్రిటిష్ ప్రభుత్వం అణచివేతకి నిరసనగా రాజీనామా చేసి వెళ్ళిపోయారు, ఆ తర్వాత సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు వచ్చారు, మళ్ళీ 1936లో రెడ్డి గారే తిరిగొచ్చి 1949 దాకా ఉన్నారు. నేను వీసీగా చేరిన రోజు ఒక రాజీనామా లేఖ రాసి తేదీ వెయ్యకుండా సొరుగులో పెట్టుకున్నా. వాడాల్సిన అవసరం రాలేదు కానీ ఒకసారి ఒక నియామకం విషయంలో పైనుంచి ఫోన్ వచ్చినప్పుడు ఆ సొరుగు తాళం చేతిలో పట్టుకునే మాట్లాడా, కాదని చెప్పగలిగా.

మీ ఇంట్లోవాళ్ళు నవ్వుతున్నారన్నారు. వాళ్ళకి వీసీ గురించి చెప్పడం కొన్నాళ్ళు ఆపండి, అసోసియేట్ పోస్టు గురించి మాత్రం చెప్పండి, ఎందుకంటే దానికోసం ఊరు మారాల్సి రావచ్చు, పిల్లల స్కూలు మారాల్సి రావచ్చు, అది వాళ్ళతో కలిసి తీసుకోవాల్సిన నిర్ణయం. నేను మారినప్పుడు మా ఆయన రెండేళ్ళు వారానికోసారి రైల్లో వచ్చి వెళ్ళేవారు, అది లేకపోతే ఇదేదీ జరిగేది కాదు.

ఈ వారం మాత్రం ఒక్క పని చెయ్యండి. మీ కాలేజీ ఆఫీసుకి వెళ్ళి సర్వీస్ రిజిస్టర్ తెరిపించి, పీహెచ్‌డీ ఎంట్రీ పడిందో లేదో చూడండి. పడకపోతే అక్కడే నిలబడి రాయించుకుని, ప్రిన్సిపాల్ సంతకం పెట్టించి, ఆ పేజీ జిరాక్స్ తీసుకుని ఇంటికి రండి.